విగ్రహానికి అర్హులెవరు?

మన ఊళ్లలో విగ్రహం మాట వస్తే ఎన్ని అడుగులు, ఎవరు ఆవిష్కరిస్తారు అన్నదే ముందు అడుగుతాం. అసలు ఎవరికి పెట్టాలి, ఎందుకు పెట్టాలి? దీనికి మహాపరినిబ్బాన సుత్తంలో జవాబుంది.

స్తూపానికి అర్హులు నలుగురని భగవానుడు ఆనందుడికి చెబుతారు: సమ్యక్ సంబుద్ధుడు, ప్రత్యేక బుద్ధుడు, తథాగతుని శ్రావకుడు, ధర్మంతో పాలించే చక్రవర్తి. స్తూపాన్ని నాలుగు దారులు కలిసేచోట కట్టాలి. మన సెంటర్లో విగ్రహం లాంటిదే అనుకోండి. ఈ నలుగురి జాబితా కన్నా ఆయన చెప్పిన కారణం ముఖ్యం. దాన్ని చూసి చాలామంది మనసులు ప్రసన్నమవుతాయట. వంశం, ఆస్తి, గెలిచిన యుద్ధాలు లెక్కలోకే రాలేదు.

ఈ కొలత పట్టుకొని జైపూర్ వెళ్దాం. రాజస్థాన్ హైకోర్టు ఆవరణలో 1989లో మనువు విగ్రహం పెట్టారు. ఒకే నేరానికి వర్ణాన్ని బట్టి వేర్వేరు శిక్షలు చెప్పే గ్రంథం ఆయన పేరు మీదే ఉంది. నిరసనలు వచ్చాయి. తీసేయాలని జడ్జీలే తీర్మానించారు. ఎవరో కేసు వేసి స్టే తెచ్చారు, విగ్రహం ఉండిపోయింది. తనకు అన్యాయం జరిగిందని కాగితాలు పట్టుకొని వచ్చిన దళిత స్త్రీ ఆ విగ్రహం ఉన్న కోర్టులోనే న్యాయం అడగాలి. ఆమె మనసు ప్రసన్నమవుతుందా? "అదీ చరిత్రే కదా, ఉంటే ఏం పోయింది" అంటారు కొందరు. చరిత్రయితే చదువుదాం, మ్యూజియంలో పెట్టి చూద్దాం. కోర్టులో పీఠమెక్కిస్తే అది చరిత్ర పాఠం కాదు, సన్మానం. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో తగలబెట్టింది ఆ గ్రంథాన్నే.

మరి మన సంగతి? హైదరాబాద్‌లో 2023లో, విజయవాడలో 2024లో 125 అడుగుల బాబాసాహెబ్ విగ్రహాలు లేచాయి. చూస్తే గుండె ఉప్పొంగుతుంది, నిజమే. కానీ 1943లో పూనాలో రానడే మీద ఉపన్యసిస్తూ, సమాజంలోని మురికిని కడిగే పని చేసినవాడే గొప్పవాడని చెప్పిన బాబాసాహెబ్, అదే ప్రసంగంలో వీరపూజను గట్టిగా మందలించారు. కుసినారలో కాలం కాని కాలంలో సాలవృక్షాలు పూసి తథాగతుని మీద పూలు రాలినప్పుడు, ఇది తనకు పూజ కాదనీ, ధమ్మం ప్రకారం నడిచేవారే తనను గౌరవించినవారనీ ఆనందుడితో అన్నారు. ఏప్రిల్ 14న దండేసి, ఏడాదంతా కాకులకు వదిలేసే మన కమిటీలు ఈ మాట రెండుసార్లు చదవాలి.

వచ్చే పున్నమి సమావేశానికి మీ ఊరి సెంటర్లో ఎవరెవరి విగ్రహాలున్నాయో రాసుకు రండి. రోజూ వాటి ముందు నుంచి కూలికి వెళ్లే ఒక అక్కనీ, బడికి వెళ్లే ఒక పిల్లనీ, చూస్తే ఏమనిపిస్తుందో అడిగి అదీ రాయండి.