కారు నేర్పే పాఠశాలను ఎంచుకోవడం

హైదరాబాదులో కారు నేర్పే పాఠశాలలకు కొదువ లేదు. రుసుము తక్కువన్న ఒక్క కారణంతో విద్యార్థులు వాటిలో చేరడం మాకు సమ్మతం కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం పాఠశాల తన లైసెన్సు అసలు ప్రతిని అందరికీ కనబడేచోట ఉంచాలి. శిక్షకుని కాళ్లవద్ద కూడా బ్రేకు ఉండాలి. కారు శిక్షణ 21 దినాలకు తగ్గరాదు. అందులో విద్యార్థి స్వయంగా నడిపేది కనీసం 10 గంటలు. శిక్షకుడే బ్రేకు తొక్కుతూ ఉండగా గడచిన గంట మన గంట కాదు! ఖాళీ మైదానంలో స్టీరింగు తిప్పినవాడు అఫ్జల్‌గంజ్ రద్దీలో బాటసారి అడ్డు వస్తే ఏమి చేయగలడు? కనుక ఏ రోడ్లమీద, ఎన్ని గంటలు నడిపిస్తారో రుసుము చెల్లించక ముందే వ్రాయించుకోవాలి. విద్యార్థినులు శిక్షకురాలు కావాలని కోరడానికి సంకోచించనక్కరలేదు. "వారంలో నేర్పుతాము" అనేవారితో పనిలేదు. లెర్నర్ లైసెన్సు వచ్చాక 30 దినాలు గడిస్తేనే గాని శాశ్వత లైసెన్సుకు అర్హత రాదు.