ఊరిని బాగుచేయువారెవరు?

పురాతన నగరములలోని ప్రాతవాడలు కాలక్రమమున ఇరుకై, మురికితో నిండి, రోగములకు నిలయములగుట కలదు. అట్టి వాడను బాగుచేయుటకు అధికారులకు సాధారణముగా తోచు ఉపాయము ఇండ్లను పడగొట్టి వెడల్పైన వీథులు వేయుట. కాని ఆ యిండ్లలో తరతరములుగా నున్నవారు ఎక్కడికి పోవుదురు? ఈ ప్రశ్నను విడువక యడిగిన మహనీయుడు పాట్రిక్ గెడ్డెస్.

ఆయన 1854లో స్కాట్లండు దేశమున జన్మించెను. జీవశాస్త్రమున పండితుడు. 1886లో వివాహమైన పిదప ఎడింబరో నగరపు ప్రాతపేటలో, జేమ్స్ కోర్టు అను వాడలో కాపురము పెట్టెను. ఒకప్పుడు హ్యూము అను తత్త్వవేత్త నివసించిన ఆ వాడ నాటికి పేదలతో క్రిక్కిరిసి యుండెను. గెడ్డెస్ దంపతులు ఇరుగుపొరుగువారికి ఉపదేశములు చేయలేదు. వారితో గలిసి గోడలకు సున్నము కొట్టిరి, కిటికీలలో పూలమొక్కలు పెట్టిరి.

1914లో మద్రాసు గవర్నరు ఆహ్వానముపై గెడ్డెస్ భారతదేశమునకు వచ్చెను. ఆయన పటములను, చిత్రములను తెచ్చుచున్న ఓడను ఎండెన్ అను జర్మను యుద్ధనౌక ముంచివేసెను. ఆ యేడు మద్రాసుపై గుండ్లు కురిపించిన నౌక యిదియే. అయినను ఆయన వెనుదీయక, మిత్రుల సాయముతో క్రొత్త పటములు కూర్చుకొని, పట్టణముల వెంట తిరిగి ప్రతి సందును కాలినడకను పరిశీలించెను. వైద్యుడు పుండున్నచోటనే కత్తి పెట్టును గాని కాలినంతయు తీసివేయడు గదా! అట్లే, మిక్కిలి శిథిలమైన కొలది యిండ్లను మాత్రమే తొలగించి, తక్కినవానిని మరమ్మతు చేయవలెనని ఆయన బోధించెను.

తరువాత హోల్కారు మహారాజు సంస్థానమైన ఇండోరున కాయన పోయెను. అచ్చట ప్లేగు వ్యాపించి యుండెను. పటములు చేతబట్టి తిరుగు ముదుసలి దొరను చూచి జనులు భయపడిరి. ఆయన తమ యిండ్లను పడగొట్టించునని వారి శంక. జనుల నమ్మకము లేనిదే ఏ పథకమును సాగదని గెడ్డెస్ గ్రహించెను. తన్నొక్కనాడు మహారాజుగా చేయుమని ప్రభువును కోరి, సమ్మతి పొందెను.

అంతట నొక ప్రకటన వెలువడెను: దీపావళి ఊరేగింపు అలవాటైన దారిని గాక, ఏ వీథులలో ఎక్కువ యిండ్లు శుభ్రపడి మరమ్మతు నొందునో ఆ వీథులలోనే సాగును. చెత్తను ఉచితముగా తరలింతురు. దానితో ఊరంతయు కదలెను. వేలకొలది బండ్ల చెత్త బయటికి పోయెను. గోడలు తెల్లనాయెను. పండుగనాడు ఊరేగింపులో ప్లేగును తెచ్చు పెద్ద ఎలుక బొమ్మ నడచెను. పాకీపనివారు తెల్లని క్రొత్తబట్టలు ధరించి, చీపుళ్లకు పూలదండలు చుట్టి గౌరవముతో నడచిరి. ఇంటింటికి తులసి మొక్కలు పంచిరి.

నాడు ఒక్క యిల్లైనను బలవంతముగా పడగొట్టవలసిన పని లేకపోయెను. ఇండోరు నగరమును గూర్చిన ఆయన నివేదిక 1918లో రెండు సంపుటములుగా వెలువడెను. ఆ కాగితములు వెలుగు చూడకముందే, పటమునకు భయపడిన జనులు తమ వీథికి తామే శిల్పులైరి.