ప్రశ్నలు – జవాబులు: చిన్నాన్నను కాగితం అడగొచ్చా?

ప్రశ్న: ముంబయి లోయర్ పరేల్‌లోని ఒక స్కూల్లో లెక్కల టీచరుగా జూన్‌లో చేరాలి. వర్లి బీడీడీ చాళ్లలో వరసకు చిన్నాన్న అయ్యే ఆయన ఉన్నారు. వాళ్ల పక్క గది ఖాళీగా ఉందట. 5 లక్షల డిపాజిట్ ఇస్తే నెలనెలా కిరాయి అక్కర్లేదని, ఖాళీ చేసేటప్పుడు మొత్తం తిరిగిచ్చేస్తారని అంటున్నారు. రాసుకుందామంటే ‘మనలో మనకు కాగితాలేంది బిడ్డా’ అని నొచ్చుకున్నారు. ఏం చేయమంటారు?
– ఎస్., సిరిసిల్ల

జవాబు: నొచ్చుకోనీ తల్లీ. నాలుగు రోజులు ముభావంగా ఉండి ఆయనే ఫోన్ చేస్తారు. 5 లక్షలు పోతే మళ్లీ కూడబెట్టడానికి మీ నాన్నకు ఎన్నేళ్లు పడుతుందో లెక్కల టీచరువి, నువ్వే వేసుకో.

ముందు ఆ గది ఎవరిదో అడిగావా? బీడీడీ చాళ్లు 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టించినవి, సర్కారువి. అందులో తరతరాలుగా ఉన్నా సరే, మీ చిన్నాన్న పక్కింటాయన కిరాయిదారే తప్ప యజమాని కాడు. తనది కాని గదిని నీ చేతిలో పెట్టి 5 లక్షలు పుచ్చుకుంటానంటున్నాడు. పైగా ఆ చాళ్లను విడతలవారీగా కూల్చి టవర్లు కడుతున్నారు. 2025 ఆగస్టులో వర్లిలో 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఫ్లాట్ల తాళాలు ఇచ్చారు. 160 చదరపు అడుగుల గదిలో పిల్లల్ని కని, పెంచి, పెళ్లిళ్లు చేసినవాళ్లకు అది పండగే, సంతోషం. కానీ నువ్వున్న చాల్ వంతు వచ్చినప్పుడు కొత్త ఫ్లాటుకు వెళ్లేది కిరాయి రసీదు మీద పేరున్నాయన. నువ్వేమో అర్ధ సంవత్సరం పరీక్షల పేపర్లు దిద్దుతూ సామాను మూట కట్టుకుంటావు. నీ డబ్బు అప్పటికి ఎవరి పెళ్లిలోనో ఖర్చయి ఉంటుంది.

ముంబయిలో ఈ పద్ధతిని హెవీ డిపాజిట్ అంటారు. ఎందుకు ఆశపెడుతుందంటే, 7 శాతం వడ్డీ చొప్పున 5 లక్షల మీద నువ్వు పోగొట్టుకునేది ఏడాదికి 35 వేలు, నెలకు 3 వేల లోపు. వర్లిలో 3 వేలకు గది దొరుకుతుందా? దొరకదు. అంత చవగ్గా ఎందుకొస్తోందో అక్కడే ఆలోచించాలి. కిరాయికి బదులు నీ అసలునే ప్రమాదంలో పెడుతున్నావు.

‘మనవాళ్లు’ అన్న మాట పట్టుకుని ఈ శీర్షికకు ఎన్ని ఉత్తరాలొస్తాయో చెప్పలేను. వడ్డీలేని అప్పులు, సగం ధరకు అమ్మిన ఖోలీలు (చాల్ గదులు), నోటిమాట పంపకాలు. మన తాతల కాలంలో కాగితాలు లేకుండా గడిచింది, నిజమే. కరీంనగర్ నుంచి, నల్లగొండ నుంచి వచ్చిన పద్మశాలీలు వర్లి, పరేల్ మిల్లుల్లో చేరి, ఒకే ఖోలీలో షిఫ్టుల లెక్కన పడుకున్నారు. డ్యూటీకి పోయినవాడి చాప మీద డ్యూటీ దిగినవాడు నడుం వాల్చాడు. అందరిదీ ఒకే ఊరు, ఒకే మిల్లు. ఒకడు మోసం చేస్తే దసరాకు ఊరెళ్లినప్పుడు తలెత్తుకోలేడు. కాగితం చేసే పని ఆ భయం చేసింది. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తర్వాత మిల్లులు ఒక్కటొక్కటిగా మూతబడ్డాయి. ఊరితో ఆ లంకె కూడా వదులైంది. ఇప్పుడా గదుల స్థానంలో వచ్చే ఫ్లాట్ల విలువ కోట్లలో మాట్లాడుకుంటున్నారు. అంత డబ్బు మధ్యలోకి వచ్చాక చుట్టరికం ఒక్కదాన్నే నమ్ముకుని బరువంతా దానిమీద పెట్టడం చుట్టరికానికే మంచిది కాదు.

అసలు యజమాని దగ్గర గది తీసుకుంటే చట్టం నీ వైపే ఉంది. 1999 మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ప్రకారం లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం రాసుకోవాలి, రిజిస్టర్ చేయించాలి. ఆ బాధ్యత ఇంటి యజమానిదే. చేయించకపోతే శిక్ష ఉంది. గొడవ వస్తే, వేరేగా రుజువయ్యేదాకా షరతుల విషయంలో కిరాయికున్నవాళ్ల మాటే చెల్లుతుంది. ఒప్పందం మామూలుగా 11 నెలలకు రాస్తారు. డిపాజిట్ ఎంతో, ఏ ఖాతా నుంచి ఏ తేదీన పంపావో అందులో ఉండాలి. నోట్ల కట్టలు ఇవ్వొద్దు.

ఇక గది సంగతి. బడి పక్కనే ఉండాలని పట్టుబట్టకు. మూడో నంబరు మెట్రో ఇప్పుడు వర్లి మీదుగా నడుస్తోంది కాబట్టి మరోల్ వైపు కూడా చూడు. గది చూడటానికి సాయంత్రం, దీపాలు పెట్టాక వెళ్లొద్దు. పొద్దున నల్లా వచ్చే వేళకు వెళ్లు. నీళ్లు ఎంతసేపు వస్తాయి, మోరీ దగ్గర డ్రమ్ముకు చోటుందా, ఉమ్మడి మరుగుదొడ్డి అయితే ఆ వేళకు ఎంతమంది వరసలో ఉన్నారు, ఇవన్నీ కళ్లతో చూడు. ఏడింటికి బడి గంట కొట్టే ఉద్యోగం నీది.

చిన్నాన్నను దూరం చేసుకోమని నేననడం లేదు. ఏజెంటుతో బేరానికి ఆయన్ను వెంట తీసుకెళ్లు. పుట్టి పెరిగిన వర్లిలో ఆయన మరాఠీ మొదలుపెడితే ఏజెంటు నోరు సగం మూతబడుతుంది. ఆదివారం పూట వాళ్లింట్లో భోంచెయ్యి.

ప్రశ్న: ముంబయిలో చేపలు వండుకుంటామని చెప్పగానే సొసైటీవాళ్లు ఇల్లు లేదన్నారు. తర్వాతి చోట శాకాహారులమని చెప్పి చేరిపోవచ్చా?
– కె., ఖమ్మం

జవాబు: ఎండుచేపలు వేయించిన రోజున ఆ అబద్ధం మూడు అంతస్తులకు తెలుస్తుంది, చేపలు పట్టేవాళ్లుండే వర్లి కోలీవాడ వైపు వెతకండి.

ప్రశ్న: పెళ్లికాని లెక్చరర్‌ని. ఇంటాయన నా వివరాలు పోలీసులకు పంపాలంటున్నాడు. నేనేమైనా దొంగనా? ఏజెంటుకు ఒక నెల కిరాయి ఇవ్వడం న్యాయమేనా?
– వి., హనుమకొండ

జవాబు: అవమానం ఏమీ లేదు బాబూ. కిరాయికి ఎవరొచ్చినా పోలీసులకు తెలపడం ముంబయిలో ఇంటాయన పూచీ. అది తప్పించుకునేవాణ్ణి చూసి భయపడు, అడిగేవాణ్ణి చూసి కాదు. ఏజెంటుకు ఒక నెల కిరాయి అక్కడి ఆనవాయితీ. 11 నెలలు తిరిగాక పొడిగింపుకు మళ్లీ అడుగుతాడు, ఆ మాట ఇప్పుడే తేల్చుకో. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం జేబులో ఉంటే ‘బ్యాచిలర్లకు ఇవ్వం’ అనేవాళ్లలో కొందరైనా మెత్తబడతారు.

ప్రశ్న: ముంబయి బైకుల్లాలో టీచరు పని. కామాటిపురాలో ఒక తెలుగు కుటుంబం పై గది ఇస్తామంటోంది. ఆ పేరు వినగానే మా అత్తగారు మంచం ఎక్కారు.
– ఆర్., తెనాలి

జవాబు: మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పి ఇది చదివి వినిపించండి. 18వ శతాబ్దం చివరి నుంచి తెలుగు కూలీలు వచ్చి బొంబాయి కట్టడాలకు చెమటోడ్చి, కాపురాలు పెట్టుకున్న పేట అది. ఆవిడ భయపడే పడుపు వ్యాపారం ఇవాళ కొన్ని గల్లీలకు కుదించుకుపోయింది. మిగతా గల్లీల్లో పిల్లలు యూనిఫాం వేసుకుని బడికి వెళ్తారు. ఆ వ్యాపారంలో చిక్కుకున్న ఆడవాళ్లు కూడా మనుషులే, వాళ్ల నీడ సోకితే ఎవరి పరువూ పోదు.

భయపడాల్సింది భవనాన్ని చూసి. అక్కడ నూరేళ్లు దాటినవి చాలా ఉన్నాయి. ఏటా వానలకు ముందు సర్కారు గృహనిర్మాణ సంస్థ మ్హాడా ప్రమాదకర భవనాల జాబితా ప్రకటిస్తుంది, అందులో ఈ భవనం ఉందేమో చూడండి. మెట్ల కింద దూలాలు, పై కప్పు తడి చూడండి. వాళ్లు పగ్డీ (ముందు పెద్ద మొత్తం కట్టి, తక్కువ కిరాయికి ఉండే) కిరాయిదారులైతే అసలు యజమాని ఒప్పుకున్నట్టు రాతలో ఉండాలి. పేటంతా కూల్చి కట్టే ప్రణాళిక కూడా నడుస్తోంది, కాబట్టి పెద్ద డిపాజిట్ వద్దు.

ప్రశ్న: వర్లి నుంచి దుబాయ్ స్కూలుకు వెళ్తున్నాను. అక్కడ ఇల్లు ఎలా వెతకాలి?
– ఎం., ముంబయి

జవాబు: విమానం ఎక్కకముందే బడివాళ్లు ఇల్లు ఇస్తారా, అద్దె డబ్బు ఇస్తారా అన్నది నియామక పత్రంలో రాయించుకోండి. మీరే వెతుక్కోవాలంటే ఒప్పందం అక్కడి సర్కారు అద్దె నమోదు వ్యవస్థ ఎజారీలో నమోదు కావాల్సిందే. అక్కడ అద్దె ఏడాదికి లెక్కగట్టి, ముందు తేదీల చెక్కులు అడుగుతారు. మొదటి జీతం చేతికి రాకముందే పెద్ద మొత్తం కట్టాల్సి వస్తుంది, ఆ అడ్వాన్సు బడివాళ్లు ఇస్తారేమో ఇవాళే మెయిల్ పెట్టి అడగండి.