ఫోన్ బారోమీటర్‌తో గది లీకేజీ టెస్ట్: పలాసలో మా ఇంట్లో చేసి చూశా

బారోమీటర్ ఉన్న వాటర్‌ప్రూఫ్ ఫోన్ మీ దగ్గరుంటే ఒకటి చేసి చూడండి. ప్రెషర్ రీడింగ్ ఓపెన్ చేసి, స్క్రీన్ మధ్యలో వేలితో మెల్లగా నొక్కండి. సీల్ బాగుంటే లోపలి గాలికి దారి దొరకక రీడింగ్ టక్కున పెరుగుతుంది. సీల్ పోయి ఉంటే పెద్దగా కదలదు. ఇదే ఐడియాతో గదిని ఎందుకు టెస్ట్ చేయకూడదు అనిపించింది.

అలా అనిపించడానికి కారణం మా నాన్నమ్మ గది. ఏసీ 24లో పెట్టినా కంప్రెసర్ ఆగదు. కిటికీలన్నీ మూసినా జీడిపిక్కలు వేయించే పొగ వాసన వస్తూనే ఉంటుంది. వాసన వస్తోందంటే దాంతో పాటు తేమగాలీ వస్తున్నట్టే. మా ఉద్దానం వైపు ఏసీకి అసలు బరువు ఈ తేమే. డ్రెయిన్ పైపులో కారే ప్రతి లీటరు నీటికీ ఏసీ దాదాపు 0.68 యూనిట్ల వేడిని బయటికి తోయాలి. మంచి ఇన్వర్టర్ ఏసీకి అందులో మూడో వంతో నాలుగో వంతో కరెంటు ఖర్చవుతుంది.

ప్రొఫెషనల్స్ దీనికి బ్లోయర్ డోర్ వాడతారు. తలుపు ఫ్రేములో పెద్ద ఫ్యాన్ బిగించి, లోపలికీ బయటికీ 50 పాస్కల్ తేడా తెచ్చి, అందుకు ఎంత గాలి తోడాల్సి వచ్చిందో కొలుస్తారు. జర్మనీలో మొదలైన ప్యాసివ్ హౌస్ స్టాండర్డ్ ప్రకారం ఆ గాలి గంటకి ఇంటి ఘనపరిమాణంలో 0.6 రెట్లు దాటకూడదు.

మన దగ్గరున్నది బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్. ఏసీ, సీలింగ్ ఫ్యాన్ ఆపేసి, కిటికీలు, గది తలుపు మూసి, బాత్రూమ్ తలుపు మాత్రం తెరిచి పెట్టా. ఫోన్‌లో ఫైఫాక్స్ యాప్ ఓపెన్ చేసి టేబుల్ మీద పెట్టా. ఇక ఫోన్‌ని ముట్టుకోకూడదు, ఎనిమిది సెంటీమీటర్లు పైకెత్తినా ఒక పాస్కల్ మారిపోతుంది! ఫ్యాన్ ఒక నిమిషం ఆన్, ఒక నిమిషం ఆఫ్. ఇలా ఐదుసార్లు చేసి సగటు తీశా. ఒక్క రీడింగ్‌ని నమ్మొద్దు, వాతావరణం మారినా అంకె జరుగుతుంది. యాప్‌లో 0.01 హెక్టోపాస్కల్ అంటే ఒక పాస్కల్. గది ఎంత బిగుతుగా ఉంటే ప్రెషర్ అంత ఎక్కువ పడిపోవాలి. మాకు పడింది రెండు పాస్కల్స్. అంటే జల్లెడే.

ఒక జాగ్రత్త: గ్యాస్ గీజర్ ఉన్న ఇంట్లో అది వెలుగుతుండగా ఈ టెస్ట్ చేయొద్దు. ఫ్యాన్ దాని పొగని లోపలికే లాగేస్తుంది.

తర్వాత ఫ్యాన్ ఆన్‌లోనే ఉంచి, అగరొత్తి వెలిగించి సందుల వెంట తిరిగా. "ఏట్రా, గోడలకి హారతిస్తన్నావేటి?" అంది నాన్నమ్మ. పొగ మొదట వంగింది ఏసీ రాగి పైపు గోడలోంచి వచ్చే రంధ్రం దగ్గర. అక్కడ పుట్టీ ఎప్పుడో రాలిపోయింది. తర్వాత తలుపు కింద, స్విచ్ బోర్డు దగ్గర, స్లైడింగ్ కిటికీ ట్రాకుల్లో. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు నీళ్లు లోపలికి చిమ్మింది కూడా ఆ ట్రాకుల్లోంచే. అప్పుడే అర్థం కావాల్సింది!

ఏసీ పుట్టీ, ఫోమ్ టేప్, తలుపు కింద రబ్బరు పట్టీ వేశాక రీడింగ్ ఎనిమిది పాస్కల్స్‌కి వెళ్లింది. ప్రెషర్ నాలుగు రెట్లయితే సందుల సైజు దాదాపు సగమైనట్టు. కంప్రెసర్ ఆగి ఆగి నడవడం మొదలుపెట్టింది, పొగ వాసన తగ్గింది. నాకు గర్వం.

మూడో రోజు పొద్దున్న నాన్నమ్మ తలపోటు అంది. ఆ గదిలో అమ్మ, నాన్నమ్మ ఇద్దరు పడుకుంటారు. కార్బన్ డయాక్సైడ్ మీటర్ పెడితే తెల్లారేసరికి 2,300 పీపీఎం చూపించింది. బయటి గాలిలో ఉండేది దాదాపు 420. తలపోటుకి అదే కారణమని నేను చెప్పలేను గానీ, గదికి గాలి చాలట్లేదన్నది ఖాయం. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకోదు, ఉన్న గాలినే తిప్పుతుంది. ఇన్నాళ్లూ వాళ్లకి గాలి ఇచ్చింది నేను మూసేసిన ఆ సందులే.

ఇప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని స్మార్ట్ ప్లగ్‌కి పెట్టి రాత్రంతా గంటకి 15 నిమిషాలు నడుపుతున్నా. జీడి ఫ్యాక్టరీలు లేని వైపు కిటికీ వేలెడు తెరిచి ఉంచుతున్నాం. పొద్దున మీటర్ వెయ్యి దగ్గర ఉంటోంది. ఏసీ మునుపటికంటే తక్కువే నడుస్తోంది. మీరు సందులు మూయబోతుంటే, టేపు కొనే రోజే ఆ మీటర్ కూడా కొనండి.