ముందు మీ కొట్టు లెక్క రాయనివ్వండి

బీకాం అయిపోయి ఏడాది తిరక్కుండానే ఇంట్లో పోరు మొదలవుతుంది. అమ్మాయి పొద్దస్తమానం చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గదిలో కూర్చుంటుంది. అడిగితే ట్యాలీ నేర్చుకుంటున్నానంటుంది, రేపు జీఎస్టీ క్లాసంటుంది. పక్కింటి అబ్బాయి హైదరాబాద్ వెళ్లి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరాడు, పెద్ద మామయ్యగారి కూతురు సీఏ చదువుతోంది, మనది మాత్రం ఇంట్లోనే ఉండి వీడియోలు చూస్తోంది. ఇది చదువా, కాలక్షేపమా అని మీకు అనుమానం రావడంలో తప్పేమీ లేదు. చదువే. కాకపోతే సగమే. మిగతా సగం మీ చేతుల్లో ఉంది. అబ్బాయి అయినా ఇదే మాట.

ముందు ఖర్చు సంగతి తేల్చుకుందాం. ఫోన్లు వస్తూనే ఉంటాయి: మూడు నెలల కోర్సు, నూటికి నూరు శాతం ఉద్యోగం గ్యారంటీ, ఇవాళే కడితే సగం ఫీజు. ఉద్యోగం గ్యారంటీ అన్న మాట వినపడగానే ఫోన్ పెట్టేయండి. ఈ చదువులో మొదటి మెట్లకు డబ్బు పెద్దగా అక్కర్లేదు. ట్యాలీప్రైమ్‌ను ఎడ్యుకేషనల్ మోడ్‌లో ఉచితంగానే వాడుకోవచ్చు. నెలలో 1, 2, 31 తేదీలకు మాత్రమే ఎంట్రీలు వేయనిస్తుంది, అదే ముఖ్యమైన తేడా. పదిహేనో తేదీ బిల్లును రెండో తేదీకి వేసుకోవాల్సి వస్తే పిల్లలు విసుక్కుంటారు కానీ చేయి తిరగడానికి అది చాలు. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన స్వయం పోర్టల్‌లో అకౌంటింగ్ పాఠాలు ఉచితంగా వినొచ్చు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే రుసుము. తెలుగులో చక్కగా చెప్పే మాస్టార్లు యూట్యూబ్‌లోనే ఉన్నారు.

డబ్బు పెట్టాల్సింది కంప్యూటర్ మీద. ట్యాలీప్రైమ్ విండోస్ మీద నడుస్తుంది, దాని పనంతా కీబోర్డు మీదే. పేమెంట్ అంటే ఎఫ్5, రిసీట్ అంటే ఎఫ్6, జర్నల్ అంటే ఎఫ్7. వీటిని వేళ్లు గుర్తుపెట్టుకోవాలి గానీ కళ్లు కాదు. ఫోన్‌లో చూసి నేర్చుకుంటానంటే కుదిరే పని కాదు. సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ అయినా పరవాలేదు, పక్కన అంకెల మీటలు విడిగా ఉన్న కీబోర్డు మాత్రం కొనివ్వండి. ఎక్సెల్ కూడా అందులోనే నేర్చుకుంటుంది. ట్యాలీ వచ్చి ఎక్సెల్ రానివాళ్లకు ఆఫీసులో మొదటి వారమే ఇబ్బంది మొదలవుతుంది.

ఇంతకీ ఫీజు కట్టి చేరాల్సిన కోర్సు లేదా అంటే, ఉంది. రాసిన లెక్క దిద్దేవాళ్లు, సందేహం అడిగితే అదే రోజు జవాబు చెప్పేవాళ్లు దొరికితే ఫీజు కట్టొచ్చు. డెమో క్లాసులో మీరూ పక్కన కూర్చోండి. పాఠం ఎప్పుడు రికార్డు చేశారో అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా పోయి, సరుకులు చాలావరకు 5 లేదా 18 శాతంలోకి వచ్చాయి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది, టీడీఎస్ సెక్షన్ల నంబర్లు మారాయి. ఇంకా 194సీ, 194జే అని బట్టీ పట్టిస్తున్న పాఠానికి కొత్త ఫీజు ఎందుకు కట్టాలి? నేర్పేవారు ఒక అసలు బిల్లు తెర మీద పెట్టి, దాన్ని ఏ ఖాతాలో ఎందుకు వేస్తున్నారో చెబుతున్నారా, లేక స్లైడు చదివి వినిపిస్తున్నారా అన్నది పది నిమిషాల్లో మీకే తెలిసిపోతుంది. దానికి మీరు కామర్స్ చదివి ఉండక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. వీడియోలో లెక్కలన్నీ కుదిరిపోతాయి. రామారావు లక్ష రూపాయలతో వ్యాపారం మొదలుపెట్టెను, 20,000కు సరుకు కొనెను, 500 బాడుగ చెల్లించెను. అన్నీ గుండ్రటి అంకెలు, అన్నిటికీ రసీదులు. పుచ్చుకున్నవారికి డెబిట్, ఇచ్చినవారికి క్రెడిట్ అన్న సూత్రం అక్కడ చక్కగా పనిచేస్తుంది. నిజం కొట్టులో సొరుగు తెరిస్తే ఏముంటుంది? పసుపు మరకలు పడి అంకె కనిపించని బిల్లు. ఆటోవాడికి ఇచ్చిన కూలి, కేలండర్ చింపి దాని వెనక రాసింది. కొట్టు ఫోన్‌పేలోనే పడ్డ చిట్టీ డబ్బులు. గల్లా పెట్టెలోంచి మీరు గ్యాస్ బండకని తీసి, ఎవరికీ చెప్పని వెయ్యి రూపాయలు. పుస్తకంలో సొంతవాడకాలు అన్న పేరుతో అమ్మాయి చదువుకున్నది ఇదే, కాకపోతే అది ఇంత దగ్గర్లో ఉంటుందని ఆమెకు తెలియదు.

కాబట్టి కొట్టున్నవాళ్లు గడిచిన ఒక్క నెల కాగితాలన్నీ ఆమె చేతికివ్వండి. కొన్న బిల్లులు, అమ్మిన బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు, సొరుగులోని చీటీలు. కిరాణా అయినా, ఎరువుల కొట్టయినా, టైలరింగ్ షాపయినా, జీఎస్టీ నంబరు లేకపోయినా పనికొస్తుంది. కొట్టు లేనివాళ్లకు బాబాయిదో, మేనమామదో ఏదో వ్యాపారం ఉంటుంది. అదీ లేకపోతే అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంటుంది కదా. పొదుపు, అప్పు, వడ్డీ, వాయిదా, బ్యాంకు పాసుపుస్తకం అన్నీ అక్కడుంటాయి. సంఘం లెక్కలు రాసే ఆవిడ పక్కన అమ్మాయిని నాలుగు సమావేశాలు కూర్చోబెట్టమని అడిగితే కాదనరు. నలుగురు సభ్యులు నలభై ప్రశ్నలు అడుగుతుంటే పద్దు చదివి వినిపించడం ఏ కోర్సూ నేర్పదు.

మీరు చేయాల్సిన కష్టమైన పని ఒకటుంది, ఆమె ప్రశ్నలకు జవాబు చెప్పడం. "నాన్నా, పన్నెండో తారీకున రెండు వేలు డ్రా చేశారు, దేనికి?" అంటుంది. "నీకెందుకే అవన్నీ" అనాలనిపిస్తుంది. అనకండి. వివరం తెలిసేదాకా ఆ పద్దును అనామతు ఖాతాలో పెట్టి, తెలిసినవాళ్లను మర్యాదగా మళ్లీ మళ్లీ అడగడమే రేపు ఆమె చేయబోయే ఉద్యోగం. కన్న తండ్రిని అడగలేని పిల్ల రేపు మేనేజరును ఏం అడుగుతుంది?

బ్యాంకు స్టేట్‌మెంటుతో పుస్తకాన్ని సరిచూసే దగ్గర ఎలాగూ చిక్కుపడుతుంది. ఇచ్చిన చెక్కు ఇంకా బ్యాంకులో పడి ఉండదు, బ్యాంకు కోసుకున్న ఛార్జీ పుస్తకంలో ఉండదు. అవన్నీ సర్దాక కూడా 180 రూపాయలు తేడా వచ్చిందనుకోండి. రాత్రి పదకొండయినా లేవదు. చిన్న మొత్తమే కదా పోనీ అని మీరంటే ఆమెకు కోపం వస్తుంది, ఆ కోపం మంచిదే. పాత గుమాస్తాలు చేసే పని ఒకటి చెప్పండి. తేడాను తొమ్మిదితో భాగించి చూడమనండి. శేషం లేకుండా పోతే, ఎక్కడో అంకెలు తారుమారయ్యాయేమోనని ముందు అనుమానించాలి. 5,640 అని వేయాల్సిన చోట 5,460 వేస్తే తేడా సరిగ్గా 180. తొమ్మిదితో పోకపోతే తేడాలో సగాన్ని వెతకాలి, ఆ మొత్తం డెబిట్‌కు బదులు క్రెడిట్‌లో పడి ఉండొచ్చు. ఆ తప్పు తనంతట తనే పట్టుకుందంటే, అది ఏ సర్టిఫికెట్‌కన్నా ఎక్కువ.

జీఎస్టీ ఉన్న కొట్టయితే ఇంకో మంచి పాఠం ఉంది. మీది విజయవాడ వన్‌టౌన్ అనుకుందాం, సరుకు హైదరాబాద్ బేగంబజార్ నుంచి తెచ్చారు. మీ జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, వాళ్లది 36తో. ఒకప్పుడు ఒకే రాష్ట్రం కాబట్టి మనకు వేరేగా అనిపించదు గానీ, లెక్కలో అది రాష్ట్రం దాటిన సరుకు. ఐజీఎస్టీ పడాలి. అమ్మాయి అలవాటుగా సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ అని రెండు ముక్కలు చేసి వేస్తే రిటర్న్‌లో పొంతన కుదరదు. ఇక, అమ్మినవాళ్లు తమ జీఎస్టీఆర్-1లో మీ బిల్లు చూపించకపోతే పద్నాలుగో తేదీన వచ్చే మీ జీఎస్టీఆర్-2బీ పట్టికలో అది కనిపించదు. కనిపించని బిల్లు మీద మీరు సరుకుతోపాటు కట్టేసిన పన్నును ఆ నెల క్రెడిట్‌గా తీసుకోలేరు. ఇరవయ్యో తేదీకి ఆ మేరకు మళ్లీ మీ జేబులోంచే కట్టాలి.

అప్పుడెవరో ఒకరు ఫోన్ చేయాలి. "అండీ, విజయవాడ నుంచి మాట్లాడుతున్నానండీ, పోయిన నెల మా బిల్లు మీ రిటర్న్‌లో రాలేదండీ, ఈ నెలన్నా వేయండి" అని. ఆ ఫోన్ మీరు చేయకండి, ఆమె చేతే చేయించండి. మొదటిసారి గొంతు వణుకుతుంది. అవతలివాళ్లు "చూస్తాంలేమ్మా" అని పెట్టేస్తారు. రెండు రోజులాగి మళ్లీ చేయాలి, విసుగు కనపడనివ్వకుండా. అకౌంట్స్ అంటే గదిలో కూర్చుని అంకెలతో గడిపేయడమేనని, మాట్లాడే పని ఉండదని ఈ దారిలోకి వచ్చే బిడియస్తులు చాలామంది ఉంటారు. ఉద్యోగంలో చేరాక సగం పని ఫోన్ మీదే ఉందని తెలిసి కంగారుపడతారు. ఆ కంగారేదో ఇంట్లోనే పడనివ్వండి.

సాఫ్ట్‌వేరే అంతా చేసేస్తుందట, ఈ ఉద్యోగాలు ఉంటాయా అని చాలామంది అడుగుతున్నారు. బ్యాంకు స్టేట్‌మెంటు చూసి ఒక్కో ఎంట్రీ కొట్టే పని తగ్గుతోంది, నిజమే. ఒట్టి టైపింగే నేర్చుకున్నవాళ్లకు కష్టం. ఆ పసుపు మరక బిల్లు ఎవరిదో కనుక్కునేవాళ్లకు, బేగంబజార్‌కు ఫోన్ చేసేవాళ్లకు పని ఉంటుంది.

రెండు మూడు నెలలు ఇలా రాశాక ఆమె దగ్గర చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది: ఒక అంకణా, బ్యాంకు సరిచూసిన పట్టిక, 2బీతో పోల్చిన ఎక్సెల్ షీటు. పేర్లు, నంబర్లు కొట్టేసి ఒక ఫైల్లో పెట్టుకోమనండి. ఇంటర్వ్యూలో ఏం వచ్చని అడిగినప్పుడు అది తీసి బల్ల మీద పెట్టొచ్చు.

మొదటి ఉద్యోగం మీ ఊళ్లో ఆడిటర్ గారి ఆఫీసులో దొరికితే వెనకాడకండి. చిన్న ఊళ్లలో మొదటి జీతం పది వేలకు అటూ ఇటూగా ఉండటం మామూలే, అది విని చాలామంది తల్లిదండ్రుల మొహాలు మాడిపోతాయి. కానీ ఒక కంపెనీలో మూడేళ్లు కూర్చున్నా ఒకే వ్యాపారం లెక్క తెలుస్తుంది. ఆడిటర్ ఆఫీసులో ఏడాదిలోనే రైసు మిల్లుదీ, మందుల షాపుదీ, కాంట్రాక్టరుదీ, బడిదీ చేతుల మీదుగా పోతాయి. జీతం సంగతి ఏడాది తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో కూర్చుని అమెరికా లెక్కలు రాయొచ్చని ఎవరో చెబుతారు. క్విక్‌బుక్స్ నేర్చుకుని, అక్కడి మనవాళ్ల కొట్లకు ఇక్కడి నుంచే రాసేవాళ్లు ఉన్నారు. అక్కడ జీఎస్టీ ఉండదు, రాష్ట్రానికో సేల్స్ ట్యాక్స్. పని మంచిదే గానీ రాత్రిళ్లు మేలుకోవాలి. మొదటి ఏడాది పక్కన కూర్చుని తప్పులు దిద్దే మనిషి ఉన్న చోటే ఉండటం మేలని నా అభిప్రాయం.

ఉద్యోగంలో చేరిన మర్నాటి నుంచే సీఏకి కట్టమని కూడా తొందరపెట్టకండి. డిగ్రీలో కనీసం 55 శాతం వచ్చిన కామర్స్ పిల్లలు నేరుగా సీఏ ఇంటర్‌లో చేరొచ్చు, ఆ తలుపు ఎక్కడికీ పోదు. పని రుచి తెలిశాక తనే అడిగితే అప్పుడు కట్టండి.

ఆమె ఉద్యోగంలో చేరాక ఇంట్లో నెలలో కొన్ని తేదీలు మాత్రం మారిపోతాయి. ఏడున టీడీఎస్, పదకొండున జీఎస్టీఆర్-1, పదిహేనున పీఎఫ్, ఈఎస్ఐ, ఇరవైన జీఎస్టీఆర్-3బీ. జులై, సెప్టెంబర్ నెలాఖరులు వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో ఇంటికి రావడం ఆలస్యమవుతుంది, ఎలా వస్తుందో, ఎవరు తీసుకొస్తారో ముందే మాట్లాడుకోండి. పెళ్లిచూపులు ఇరవయ్యో తేదీన మాత్రం పెట్టకండి, అబ్బాయి ఎంత మంచివాడైనా మొహం చిటపటలాడుతూ కూర్చుంటుంది.

ఇంకొక్కటి, ఇది గట్టిగా చెప్పాల్సింది. చేరేటప్పుడు సర్టిఫికెట్ల నకళ్లు ఇవ్వనివ్వండి, ఒరిజినల్స్ వద్దు. జీతానికి పాన్, ఆధార్ కాపీలు అడగడం మామూలే. కానీ "నీ పేరు మీద చిన్న ఫర్మ్ పెడుతున్నాం, ఓటీపీ చెప్పు, ఊరికే సంతకం" అని ఎవరన్నా అంటే అక్కడితో ఆగిపోవాలి. చిన్న ఉద్యోగుల పేరు మీద జీఎస్టీ రిజిస్ట్రేషన్లు తీసి, సరుకు లేకుండా దొంగ బిల్లులు రాసుకునేవాళ్లు ఉన్నారు. నోటీసు వచ్చేది పేరున్న మనిషికి. కొత్తగా చేరిన పిల్లలకు బాసు మొహం మీద కాదనడం చేతకాదు, మొహమాటపడతారు. అందుకని ముందే చెప్పి ఉంచండి: అలా ఎవరు అడిగినా నెపం మీ మీద వేసేయమనండి. "మా నాన్నగారు ఒప్పుకోరండీ, ఇలాంటివాటికి చాలా గొడవ చేస్తారు" అనేయమనండి. ఆఫీసులో మీకు గయ్యాళి అన్న పేరొచ్చినా ఫరవాలేదు.