మరగబెడితే సరిపోతుందా? చలికాలం, నీళ్ల బంద్, మన హాస్టల్

డిసెంబర్ పొద్దున ఆరు గంటలు. మంచు ఇంకా విడవలేదు. కారిడార్ చివర నుంచి ఒకటే కేక: "అరేయ్, నల్లా వస్తలేదురా!" ఇంకో రూమ్‌లోంచి జవాబు: "బోరు నీళ్లున్నయ్ కదా, మరగబెట్టుకుని తాగుదాం. ఏం కాదు."

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల హాస్టళ్లలో ఉన్నవాళ్లకు ఈ మాటలు కొత్త కాదు. కానీ ఆ "ఏం కాదు"లో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి తాగే నీళ్ల గురించి, రెండోది వాటిని వేడి చేసే పద్ధతి గురించి. రెండూ మన ఫస్టియర్ లెక్కలతోనే తేలిపోతాయి. వేసి చూద్దాం.

మరిగితే ఏది పోతుంది, ఏది పోదు

నీళ్లలో రెండు రకాల దోషాలుంటాయి. మొదటిది ప్రాణమున్నది: బాక్టీరియా లాంటి సూక్ష్మజీవులు. బాగా మరిగిస్తే చస్తాయి. రెండోది కరిగి ఉన్నది: ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటివి. ఇవి ఆవిరైపోవు. నీరు ఆవిరవుతుంది, ఇవి గిన్నెలోనే మిగులుతాయి.

లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు 10 లీటర్లు పొయ్యి మీద పెట్టామనుకుందాం. మొత్తం ఫ్లోరైడ్ 30 మిల్లీగ్రాములు. మరిగి మరిగి 8 లీటర్లకు దిగితే, లీటరుకు 3.75 మిల్లీగ్రాములు. అంటే మరగబెట్టి ఇంకాస్త చిక్కగా చేసుకున్నాం! తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు.

మన కాళ్ల కింద ఉన్నది గ్రానైట్. ఆ రాతి ఖనిజాల్లోని ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి దిగుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఎముకలు వంకర తిరిగి, నడుములు వంగిపోయిన మనుషుల ఫొటోలు మనందరం చూసినవే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. ప్రపంచమంతా దాన్ని "నల్లగొండ టెక్నిక్" అంటుంది. మన ఊరి పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది ఇలా! దాన్ని హాస్టల్‌లో అందాజాగా చేయొద్దు. నీటిని పరీక్షించి మోతాదు కట్టాలి, లేదంటే అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది.

నిజాయితీగా ఒక మాట. రెండు రోజులు బోరు నీళ్లు తాగితే నడుం వంగిపోదు, ఫ్లోరోసిస్‌కు ఏళ్లు పడుతుంది. అసలు భయం వేరే. "ఈ రెండు రోజులే" అన్నది నాలుగేళ్ల అలవాటు కావడం. పైగా క్యాంపస్‌లో మనమొక్కళ్లమే లేము. మెస్ ఆంటీల, వాచ్‌మన్‌ల చిన్నపిల్లలు కూడా అవే నీళ్లు తాగుతారు. పళ్లు తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే మచ్చలు వాళ్లకు జీవితాంతం ఉంటాయి.

నల్లా ఆగినప్పుడు, తిరిగి వచ్చినప్పుడు

మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్ 8న చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. కృష్ణా నీళ్లు వచ్చాక బోరు మీద ఆధారం తగ్గింది. కానీ దూరం నుంచి పంపు చేసే నీళ్లు ఎప్పుడైనా ఆగొచ్చు. 2020 అక్టోబర్‌లో కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో కల్వకుర్తి ఎత్తిపోతల పంపుహౌసే నీట మునిగింది. అంత పెద్దది కాకపోయినా, ఒక పైపు పగిలినా, ఒక మోటారు కాలినా మన బకెట్ ఖాళీ.

చాలామందికి తెలియని సంగతి: సప్లై ఆగినప్పుడు పైపులో ప్రెషర్ పడిపోతుంది. లీకేజీ ఉన్నచోట బయటి మురికి నీరు లోపలికి పీల్చుకుంటుంది. అందుకే నల్లా తిరిగి రాగానే బాటిల్ పట్టకండి. మొదటి నీళ్లు కాసేపు వదిలేసి, వాటిని కడగడానికి వాడుకోండి.

హాస్టల్ కమిటీలు చేయదగినవి ఇవి:

1. తాగే నల్లా, వాడే నల్లా వేరు చేసి, పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాలి. బోరు నల్లా మీద "తాగరాదు" అని రాయాలి.

2. బోరు నీటి ఫ్లోరైడ్ రిపోర్టు అడగాలి. టీడీఎస్ మీటర్ చూపించి సరిపెట్టొద్దు. అది మొత్తం లవణాలనే అంచనా వేస్తుంది, ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. యూవీ, క్యాండిల్ ఫిల్టర్లు ఫ్లోరైడ్‌ను తీయలేవు. మంచి కండిషన్‌లో ఉన్న ఆర్‌వో తగ్గిస్తుంది.

3. ట్యాంకు కడిగాక క్లోరిన్ వేయాలి. 1000 లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ సుమారు 2.5 గ్రాములు. అందులో మూడో వంతు క్లోరిన్ అనుకుంటే లీటరుకు 0.8 మిల్లీగ్రాములు. గంట ఆగి, కిట్‌తో చూస్తే 0.5 మిగలాలి. మూత తీసి ఉంచిన పౌడర్ బలం పోతుంది, జాగ్రత్త.

4. ట్యాంకర్ వస్తే మొదటి ప్రశ్న: "అన్నా, ఈ నీళ్లు ఏడికెళ్లి తెచ్చినవ్?" అదీ బోరు నీళ్లే అయితే తాగడానికి వద్దు.

సగం బకెట్, నిండు కరెంటు

ఇప్పుడు రెండో పొరపాటు. మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు, పైపులు పగలవు. చలికాలంలో మన ప్రమాదం హీటర్ రాడ్. 1500 వాట్ల రాడ్ 230 వోల్టుల మీద 6.5 ఆంపియర్లు లాగుతుంది. రూమ్‌లోని మామూలు సాకెట్ 6 ఆంపియర్లదే. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు రెండు రాడ్లు పెడితే 13. వైరు కాలిన వాసన వచ్చేది అందుకే.

నీళ్లు తక్కువున్న రోజు ఇంకా ప్రమాదం. సగం బకెట్‌లో రాడ్ పూర్తిగా మునగదు. బయట ఉన్న భాగం ఎర్రగా కాలుతుంది, ప్లాస్టిక్ బకెట్ కరుగుతుంది. ఇనుప బకెట్ అయితే షాక్ భయం. 20 లీటర్లు 20 డిగ్రీల నుంచి 40కి రావడానికి సుమారు 19 నిమిషాలు చాలు. ఆన్ చేసి టిఫిన్‌కు పోకండి. ముందు రాడ్ ముంచి, తర్వాత స్విచ్ వేయండి. ప్లగ్ పీకాకే నీళ్లు ముట్టుకోండి, వేలు పెట్టి చూడకండి. ప్రతి ఫ్లోర్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా, పనిచేస్తోందా అని ఎలక్ట్రీషియన్ అన్నను అడగండి.

ఇంకోటి, వాచ్‌మన్ తాత రూమ్‌లో కుంపటి. తలుపులు మూసి బొగ్గు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పోయి "తాతా, కుంపటి బయట పెట్టు, పండుకునే ముందు ఆర్పెయ్" అని చెప్పండి. వీలైతే ఒక మంచి దుప్పటి కూడా ఇవ్వండి. చెప్పే మాట కంటే అదే బాగా పనిచేస్తుంది.

రేపు పొద్దున మళ్లీ ఎవరో "మరగబెట్టుకుందాం, ఏం కాదు" అంటారు. అప్పుడు ఒక్కటే అడగండి: "ఏ నీళ్లు? దేంతో మరగబెడుతున్నవ్?"