తిరిగే చక్రానికి ఫొటో తీయడం ఎలా?

ఈ నెల సైన్సు పాఠంలో నేను ఫ్లైవీల్ గురించి, దానికి ఫొటో తీసే పద్ధతి గురించి రాస్తున్నాను. తెలుగులో దీన్ని గతిపాలక చక్రం అంటారు.

కుమ్మరి సారెను మనమందరం చూశాం. కర్రతో గట్టిగా తిప్పి వదిలేస్తే చాలాసేపు తనంతట తానే తిరుగుతుంది. తిప్పిన చేతి బలం సారెలో దాగి ఉంటుందన్నమాట. కరెంటును కూడా ఇలాగే దాచవచ్చు. కరెంటు ఎక్కువగా ఉన్నప్పుడు మోటారుతో చక్రాన్ని తిప్పుతారు. తక్కువైనప్పుడు ఆ చక్రమే జనరేటరును తిప్పి కరెంటును తిరిగి ఇస్తుంది. వేగం రెండింతలైతే దాగే శక్తి నాలుగింతలవుతుంది. అందుకే వీలైనంత వేగంగా తిప్పుతారు.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని స్టీఫెన్‌టౌన్‌లో బీకన్ పవర్ అనే కంపెనీ 2011లో 200 ఫ్లైవీళ్లతో 20 మెగావాట్ల కేంద్రాన్ని పూర్తి చేసింది. ఒక్కో చక్రం నిమిషానికి 16,000 చుట్ల వరకు తిరుగుతుంది. గాలి అడ్డుపడకుండా, గాలి తీసేసిన గట్టి డబ్బాలో ఉంచుతారు.

ఇప్పుడు లెక్క చూడండి. నిమిషానికి 16,000 అంటే సెకనుకు దాదాపు 267 చుట్లు. కెమెరా సెకనులో 1000వ వంతు మాత్రమే తెరుచుకున్నా, ఆ కాస్త సమయంలో చక్రం 96 డిగ్రీలు తిరిగిపోతుంది. అంటే పావు చుట్టు కంటే ఎక్కువే! చక్రం 1 మీటరు వెడల్పు ఉందనుకుంటే దాని అంచు సెకనుకు సుమారు 837 మీటర్లు పోతుంది. ఇది గాలిలో శబ్ద వేగానికి రెండింతలు దాటింది. ఫొటోలో ఏమీ తెలియదు, అంతా అలికినట్టు వస్తుంది.

మరి ఎలా? కెమెరాను తొందరపెట్టడం కాదు, వెలుగును తొందరపెట్టాలి. చీకటి చేసి, కెమెరాను తెరిచి ఉంచి, సెకనులో పది లక్షల వంతు సేపు మాత్రమే మెరుపు వెలిగించాలి. ఆ సమయంలో అంచు 1 మిల్లీమీటరు కూడా కదలదు. ఈ ఆలోచన పాతదే. 1851లో ఇంగ్లాండులో ఫాక్స్ టాల్బట్ అనే ఆయన తిరిగే చక్రానికి వార్తాపత్రిక కాగితం అంటించి, విద్యుత్ మెరుపుతో ఫొటో తీశారు. 1931లో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ గారు తిరిగే మోటార్లను చూడడానికి వరుసగా మెరిసే దీపం తయారుచేశారు. దాన్ని స్ట్రోబోస్కోప్ అంటారు. చుట్టుకు ఒక్కసారి మెరిస్తే చక్రం ఆగినట్టు కనిపిస్తుంది. రెండు చుట్లకు ఒకసారి మెరిసినా అలాగే కనిపిస్తుంది. కాబట్టి ఆగినట్టు కనిపించిందని వేగం చెప్పేయకూడదు.

ఫొటో ఎవరి కోసం అన్నది కూడా ముఖ్యం. ఇంజనీరుకు పగులు, గీత, అంచు పెరుగుదల కనబడాలి. ఆయనకు మెరుపు ఫొటో కావాలి, పక్కన కొలత, వేగం రాసి ఉండాలి. కొనేవాళ్లకు మాత్రం ఆ ఫొటో చూపిస్తే "ఇది ఆగిపోయి ఉంది కదా!" అంటారు. వాళ్లకు తిరుగుతున్నట్టు కనిపించాలి. అందుకని మూత తీసి, చక్రాన్ని మెల్లగా తిప్పి, కెమెరాను అర సెకను తెరిచి తీయవచ్చు. అప్పుడు అంచు చెరిగినట్టు వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. ఇందులో తప్పు లేదు. కానీ దాని కింద "16,000 చుట్ల వేగంలో తీసినది" అని రాస్తే అది అబద్ధం. నమ్మి డబ్బు పెట్టేవాళ్లు ఉంటారు. "మెల్లగా తిప్పి తీసినది" అని రాయడానికి ఒక్క వాక్యం చాలు.

నిజంగా పూర్తి వేగంలో తీయాలంటే డబ్బాకు గట్టి అద్దం పెట్టి, కెమెరాను అక్కడ ఉంచి, మనుషులు దూరం నుంచి నొక్కాలి. చక్రం పగిలితే ముక్కలు తూటాల్లా వస్తాయి.

మా తొమ్మిదో తరగతి వాళ్లం సైకిల్ తిరగేసి పెట్టి, వెనక టైరుకు తెల్ల కాగితం ముక్క అంటించి, వార్డెన్ సార్ సెల్‌ఫోన్‌తో చూశాం. సాయంత్రం మసక వెలుగులో కాగితం తెల్లని చారలా వచ్చింది. ఎర్రటి ఎండలో ముక్కగానే వచ్చింది. వెలుగు ఎక్కువైతే ఫోను తక్కువ సేపు తెరుచుకుంటుంది, అదే కారణం. మీరూ చేయండి, కానీ పుల్లల్లో వేళ్లు పెట్టకండి.

ఇంకొక జాగ్రత్త. పాత చోక్ ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. దాని కింద తిరిగే యంత్రం ఒక్కోసారి ఆగినట్టు కనబడుతుంది. రేపు మనలో కొందరు ఐటీఐకి పోతారు, లేత్ మిషన్ దగ్గర నిలబడతారు. కంటిని నమ్మి చెయ్యి పెట్టకండి. స్విచ్ ఆపి, పూర్తిగా ఆగిందని తేల్చుకున్నాకే ముట్టుకోండి.

ప్రశ్న: ఫ్యాను నిమిషానికి 300 చుట్లు తిరుగుతోంది. కెమెరా సెకనులో 50వ వంతు తెరిచి ఉంది. రెక్క ఎన్ని డిగ్రీలు కదులుతుంది? జవాబు చీటీ మీద రాసి నాకు ఇవ్వండి. సరిగ్గా రాసినవారి పేర్లు వచ్చే నెల ఇక్కడే రాస్తాను.